పోయినవి వెతికిపెట్టబడును

ఆ ఉదయం సోషల్ టీచరమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదో తరగతి పిల్లలు వరండాలో బల్లలు వేసుకుని తమ ప్రాజెక్టు వ్యాపారాలు నడుపుతారు, తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరు చూసి మెచ్చుకుంటారు, అంతే. మెచ్చుకోకపోతే మాత్రం, ఆమె కాళ్లావేళ్లా పడి సంపాదించుకున్న ప్రాజెక్టు పీరియడును లెక్కల మాస్టారికి ఇచ్చేస్తానని హెడ్మాస్టరు తేల్చి చెప్పారు.

మధ్యాహ్నానికి ఒక్కో బల్లకు యాభై మంది కస్టమర్ల సంతకాలు రావాలి. అందరూ బుల్లెట్టు అని పిలిచే పిల్ల, తన జట్టులోని ఇద్దరితో కలిసి, "పోయినవి వెతికిపెట్టబడును" అని బోర్డు పెట్టింది. పది గంటలైనా ఒక్కరూ రాలేదు.

"ముందు ఎవరైనా ఏదైనా పోగొట్టుకోవాలి కదే! కాస్త ఓపిక పట్టు," అంది టీచరమ్మ జాలిగా.

"సరే టీచర్," అంది బుల్లెట్టు. ఆ గొంతులో ఓపిక ఏ కోశానా లేదు.

పదకొండుకు గంట మోగలేదు. గంట కొట్టే సుత్తి కనబడక ప్యూను మెట్ల కింద దేవులాడుతున్నాడు. కళ్లజోడు లేని లెక్కల మాస్టారు ఎనిమిదో తరగతి అనుకుని ఆరో తరగతికి బీజగణితం చెప్పేశారు. దొంగలు పడ్డారని హెడ్మాస్టరు గేటుకు తాళం వేయమన్నారు. తాళం కూడా లేదు. ఇంతలో స్టాఫ్ రూములోంచి ఇన్‌స్పెక్టరు లబోదిబోమంటూ బయటికొచ్చారు.

"నా ఫైలండీ! ఇక్కడే పెట్టాను!"

టీచరమ్మకు బుల్లెట్టు బోర్డు గుర్తొచ్చింది. వరండాలోకి పరుగెత్తి, అక్కడే కొయ్యబారిపోయింది.

బుల్లెట్టు వెనక బెంచీల మీద స్కూలు సామానంతా కొలువుతీరి ఉంది. సుత్తి, తాళం, కళ్లజోళ్లు, డస్టర్లు, ఎనిమిది గొడుగులు. ప్రతిదానికీ ఒక చీటీ: ఎక్కడ దొరికింది, ఎన్నింటికి దొరికింది. ముందు బారెడు క్యూ, దాన్ని సరిచేయడానికి ఇద్దరు పిల్లలు. ఇరవయ్యేళ్ల సర్వీసులో ఇంత పద్ధతి ఆమె ఏ ఆఫీసులోనూ చూడలేదు.

"ఇదేంటే?" అంది, తిట్టడం మరిచిపోయి.

"వాళ్లు పోగొట్టుకునేదాకా ఆగితే సాయంత్రమైపోతుంది టీచర్. ఐదు నిమిషాలు పట్టించుకోకపోతే పోయినట్టే అనుకున్నాం. నలభైతొమ్మిది సంతకాలొచ్చేశాయి!"

ఇన్‌స్పెక్టరు తన ఫైలు మీది చీటీ చదువుకున్నారు. 'స్టాఫ్ రూము సోఫా. పదీ నలభై. సొంతదారు పక్కనే నిద్రలో.' హెడ్మాస్టరు క్షమాపణకు చేతులు జోడించేలోపే ఆయన గబగబా యాభయ్యో సంతకం పెట్టేశారు.

"అమ్మా," అన్నారు టీచరమ్మతో గొంతు తగ్గించి, "మా ఆఫీసులో ఆరేళ్లుగా ఫైళ్లు దొరకట్లేదు. సెలవుల్లో ఈ పిల్లల్ని ఓసారి పంపుతారా?" తర్వాత హెడ్మాస్టరు వైపు తిరిగారు. "ఈ పీరియడు వారానికి రెండు చేయండి."

రెండోది లెక్కల పీరియడ్లలోంచే తీశారు. లెక్కల మాస్టారు తన అభ్యంతరాన్ని రాసిద్దామనుకున్నారు గానీ, ఆయన పెన్ను కూడా ఆ బెంచీ మీదే ఉంది.