ఆఫీసులో కొర్రమీను

ఆ రోజు పొద్దున కృష్ణమోహన్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎండీగారు వచ్చేలోపు అక్వేరియంలో చేపలకు మేత వేయాలి, ఆ తర్వాత ఫ్యాను కింద కూర్చుని పేపరు చదువుకోవాలి. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు నేర్పే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో అతను అడ్మిన్ ఆఫీసరు. ఎవరికీ చెందని పనులన్నీ ఆ హోదా కిందికి వస్తాయి. మేత డబ్బా తెరిస్తే అడుగున దుమ్ము తప్ప ఏమీ లేదు. చేపల సామాన్లమ్మే పంజాగుట్ట దుకాణం మధ్యాహ్నానికి గానీ తెరవరు. అందుకని తన చాయ్‌లోకి తెచ్చుకున్న ఉస్మానియా బిస్కెట్లు నలిపి నీళ్లలో చల్లాడు. అందులో జాలి తప్ప దురుద్దేశం లేదు.

కాసేపటికి వాటిలో ఉన్న ఒకే ఒక నల్లచేప వెల్లకిలా తేలింది.

పోతే పోయింది అనుకోవడానికి అది మామూలు చేప కాదు. ఎండీ వీరవెంకటసత్యనారాయణగారు ఎవరో చెప్పిన చైనా వాస్తు ప్రకారం ఆ అక్వేరియం పెట్టించారు. ఎనిమిది బంగారు చేపలు సంస్థకు కలిసొచ్చేవి, ఒక నల్లచేప సంస్థ మీదికొచ్చే దోషాన్ని లాగేసుకునేది. అమెరికాలో డాట్‌కామ్ కంపెనీలు మూతపడుతున్న ఏడాది అది. అక్కడ ఒకడి ఉద్యోగం ఊడితే ఇక్కడ పదిమంది కోర్సు మానేస్తున్నారు. అలాంటి రోజుల్లో దోషం లాగే చేపను బిస్కెట్లు పెట్టి చంపానని చెప్పడానికి కృష్ణమోహన్‌కు నోరు రాలేదు. అతనికి నలభై దాటాయి. జావా రాదు. ఇది పోతే ఇంకో ఉద్యోగం రాదు.

ఆటో ఎక్కి బోరబండ వెళ్లాడు. తరతరాలుగా నీచు ముట్టని ఇంట్లో పుట్టినవాడు, చేపల మార్కెట్‌లో కాలు పెట్టడం అదే మొదలు. ఓదెలు అనే చేపలవాడి ముందు తొట్టిలో నల్లటి చేపలు కదులుతున్నాయి. వాటిలో అన్నిటికంటే చిన్నదాన్ని చూపించాడు.

"ముక్కలు ఎట్ల కొట్టాలె సార్? పులుసుకా, ఫ్రైకా?"

"ఆఫీసుకి."

ఓదెలు అతన్ని ఎగాదిగా చూసి, చేపను ప్రాణంతోనే నీళ్ల కవర్లో వేసి ఇచ్చాడు.

చచ్చినదాన్ని తీసేసి కొత్తదాన్ని నీళ్లలో వదిలిన కాసేపటికి ఎండీగారు వచ్చి, వస్తూనే అక్వేరియం ముందు నిలబడ్డారు. ఆయనా శాకాహారే. చేపల్లో రంగులు తెలుసు గానీ రకాలు తెలియవు.

"ఏంటయ్యా కృష్ణమోహన్, నల్లది ఇంత పెరిగింది?"

"దోషం బాగా లాగుతోందండి. అందుకే బలిసింది."

అబద్ధం అక్కడితో అయిపోయేదే. కానీ సరిగ్గా ఆ మధ్యాహ్నమే ఏదో బ్యాంకు తమ క్లర్కులకు కంప్యూటర్ నేర్పమని కాంట్రాక్టు ఇచ్చింది. ఎండీగారు అక్వేరియం అద్దానికి స్వయంగా కుంకుమ బొట్టు పెట్టి, "ఈ నల్లదాన్ని కంటికి రెప్పలా చూసుకో" అన్నారు.

మర్నాటికి బంగారు చేప ఒకటి కనిపించలేదు. రిసెప్షన్‌లో ఉండే ఉమైరా అద్దానికి దగ్గరగా వంగి చూసింది.

"సార్, గిది కొర్రమీను. మా అమ్మీ మస్తు సాలన్ చేస్తది."

"మిగతావాటిని ఏమైనా అంటుందా?"

"అనుడేంది సార్, తింటది."

ఈలోగా ఒక బంగారు చేప తగ్గిందని చూసి, ఎండీగారు ఆ చైనా వాస్తు చెప్పినాయనకు ఫోను చేశారు. సంస్థలో ఒకరి బరువు ఎక్కువైంది కాబట్టి చేప ముందే వెళ్లి సూచన చేసిందని ఆయన చెప్పాడట. సాయంత్రం ఎండీగారు కృష్ణమోహన్‌ను పిలిచారు. "ఒరాకిల్ కోర్సు చెప్పే వంశీధర్‌కి, తీసేస్తున్నట్టు లెటర్ టైపు చెయ్యి. నువ్వే ఇచ్చెయ్, నాకు అలాంటివి చేతకావు."

వంశీధర్ భార్యకు నెలలు నిండాయి. లెటరు చదువుకుని అతను గొడవ చేయలేదు. "మీరేం చేస్తారు సార్, రండి" అని కృష్ణమోహన్‌నే ఓదార్చి, ఇరానీ హోటల్‌కు తీసుకెళ్లి చాయ్ చెప్పాడు. పక్కన సాసర్లో ఉస్మానియా బిస్కెట్లు వచ్చాయి. కృష్ణమోహన్ వాటివైపు చూడలేకపోయాడు. ఇదంతా తన వల్లేనని అతనికి తెలుసు, చెప్పే ధైర్యం మాత్రం లేదు.

అప్పటినుంచి అతను ఆ పాపాన్ని రొయ్యలతో కడుక్కోవాలని చూశాడు. కొర్రమీను కడుపు నిండి ఉంటే బంగారు చేపల జోలికి పోదని లెక్క. రోజూ పొద్దున్నే బోరబండ వెళ్లి పచ్చి రొయ్యలు తెచ్చి వేసేవాడు. ఆ వాసనకు భార్య అరుణాదేవి అతని కంచం వేరు చేసింది, సంచి గుమ్మం బయట పెట్టించింది. "ఆఫీసు పని" అంటే నమ్మలేదు. కొర్రమీను మాత్రం రొయ్యలు తిని, ఆ తర్వాత బంగారు చేపలను తిన్నది. పంజాగుట్ట దుకాణంలో కొత్త చేపలు కొనుక్కొచ్చి వేస్తే, ఎండీగారు వచ్చి లెక్కపెట్టేలోపే వాటినీ మింగేది. చేప తగ్గినప్పుడల్లా ఎండీగారు ఒకరిని తీసేసేవారు. ఆదివారం రొయ్యలు పడవు కాబట్టి ప్రతి సోమవారం లెటర్లు ఎక్కువ టైపు చేయాల్సి వచ్చేది. టైపు చేసేది అతనే, ఇచ్చేది అతనే, శాపనార్థాలు వినేదీ అతనే.

చివరికి అక్వేరియంలో ఒక బంగారు చేప, జానను మించిన ఒక కొర్రమీను మిగిలాయి. ఆఫీసులో ఎండీగారు కాక ఉమైరా, కృష్ణమోహన్ మిగిలారు. ఉమైరా వాళ్లింట్లో జీతం తెచ్చేది ఆ పిల్ల ఒక్కతే.

"ఇద్దరం ఉన్నం సార్, బంగారు చేపేమో ఒక్కటే ఉన్నది," అంది ఆమె. "అది సుత పోతే ముందు నన్నే తీస్తరు గదా?"

జీవితంలో మొదటిసారి కృష్ణమోహన్‌కు ఉద్యోగం కంటే పెద్ద సంగతి ఒకటి కనిపించింది. మర్నాడు తెల్లారగానే వచ్చి, బాత్రూం బకెట్‌లోకి కొర్రమీనును ఎత్తి, ఆటోలో బోరబండ తీసుకెళ్లాడు.

ఓదెలు గుర్తుపట్టాడు. "మంచిగ సాదిన్రు సార్. ఇప్పుడు చెప్పున్రి, పులుసుకా, ఫ్రైకా?"

"నీ ఇష్టం. నాకొద్దు."

తిరిగి వస్తుంటే అతని గుండె తేలికపడింది. ఎండీగారు అడిగితే బిస్కెట్ల దగ్గర నుంచి మొత్తం చెప్పేయాలని నిశ్చయించుకున్నాడు. అతను వెళ్లేసరికి ఎండీగారు అక్వేరియం ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. కళ్లు తడిగా ఉన్నాయి.

"సార్, ఆ నల్లచేప..."

"చూశాను. ఏం చెప్పొద్దు. బంగారు చేప ఉంది, అంటే ఉమైరా ఉంటుంది. నల్లది పోయింది."

"అంటే ఏంటండీ?"

"ఆ ఎనిమిది బంగారు చేపలూ మన స్టాఫ్ ఎనిమిది మందయ్యా. నల్లది నువ్వు. ఈ ఆఫీసులో పాపమంతా నువ్వే లాక్కున్నావు. లెటర్లు ఇచ్చింది నువ్వు, తిట్లు తిన్నది నువ్వు. అది బలుస్తుంటే, నా కృష్ణమోహన్‌కి ఢోకా లేదని మురిసిపోయేవాణ్ణి. అందరూ పోయినా నిన్ను మాత్రం తీయకూడదనుకున్నాను." ఎండీగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఏం చేస్తాం, సూచన వచ్చాక ఆగకూడదు."

ఉమైరా కళ్లు తుడుచుకుంటూ లెటరు టైపు చేసింది. లెటర్లు అందజేసి సంతకం తీసుకోవడం అడ్మిన్ ఆఫీసరు పని కాబట్టి, కృష్ణమోహన్ తన లెటరు తనకే అందజేసుకుని, అందినట్టు తనచేతనే సంతకం పెట్టించుకున్నాడు.