ఊదారంగు సీసా

టీచరమ్మ ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. ఊదారంగు క్యాబేజీ ఉడికించి వడకట్టిన నీళ్లు ముందురోజే సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టింది. అందులో నిమ్మరసం పడితే ఎర్రబడతాయి, సబ్బునీళ్లు పడితే పచ్చబడతాయి. ఏది ఆమ్లమో ఏది క్షారమో పిల్లలకు కళ్లారా చూపించాలి. వెనక బెంచీలో ఇన్‌స్పెక్టర్ ఉంటాడు. పాఠం ఆయనకు నచ్చితే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఈ ఏడాదితో సరి.

క్లాసులో రంగులు బుద్ధిగా మారాయి. గదంతా ఏదో తియ్యటి వాసన వేస్తున్నా ఆవిడ పట్టించుకోలేదు. ఇన్‌స్పెక్టర్ తలాడిస్తుండగా తలుపు తోసుకుని అత్తగారు వచ్చింది, కొడుకును రెక్క పట్టుకుని.

"అమ్మాయ్, వీడు నీ ఆసిడ్ తాగేశాడు. విరుగుడేదో చెప్పు."

ఇన్‌స్పెక్టర్ కలం ఆగిపోయింది.

జరిగిందంతా అత్తగారే ఏకరువు పెట్టింది. పొద్దున్నే సుపుత్రుడు ద్రాక్షరసమనుకుని సీసా ఎత్తేశాడు. పెళ్లానికి చెప్పే ధైర్యం లేక, నిజంగానే ద్రాక్షరసం కొనుక్కొచ్చి సీసా నింపేశాడు. ఆవిడ బడికి వెళ్లాక తల్లి దగ్గర బయటపడ్డాడు. రంగులు మార్చే నీళ్లంటే ఆసిడేనని తల్లి తేల్చేసింది. విరుగుడుగా వంటసోడా నీళ్లు పట్టించింది. సోడా ఎక్కువైందేమోనని మీద నిమ్మకాయ పిండి తాగించింది. అప్పటినుంచి తేన్పులు ఆగడం లేదు.

టీచరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుండి ఒక్క సీసాను బతకనివ్వలేదు.

"అవి ఉత్త క్యాబేజీ నీళ్లు అత్తయ్యా. ఏమీ కాదు," అంది పళ్లు బిగించి.

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు. "మీరు క్యాబేజీ అన్నారు. సీసాలో ఉన్నది ద్రాక్షరసమట. మరి రంగెలా మారింది?"

ఈ ప్రశ్న పాఠ్యపుస్తకంలో లేదు. ఉద్యోగం పోయినట్టేనని ఆవిడకు ఒక్క క్షణం అనిపించింది.

"ఆ ఊదారంగు గుణం రెండింటిలోనూ ఉందండీ. ఆమ్లం తగిలితే ఒకలా, క్షారం తగిలితే ఇంకోలా మారుతుంది," అంది. ఆ పైన కోపం ఆగలేదు. "ఆ రెండూ ఒకచోట చేరితే ఏమవుతుందో మా ఆయన్ను చూడండి. సోడా, నిమ్మరసం కలిసి గ్యాసు పుడుతుంది."

అదే అదనుగా మొగుడు గోడలు అదిరేలా తేన్చాడు. పిల్లలు బల్లలు చరిచి నవ్వారు. ఇన్‌స్పెక్టర్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, పిల్లలు ఈ పాఠాన్ని జన్మలో మరిచిపోరని రిపోర్టులో రాసి సంతకం చేశాడు.

ఉద్యోగం పర్మనెంటయింది, మొగుడి సంగతి ఇంకా పరిశీలనలో ఉంది.