నీళ్ల బుల్హాన్ జవాబు పద్యం

ఆ ఉదయం దీఖా అనుకున్న పనులు రెండే. బుల్హాన్ బండి నుంచి రెండు పీపాల నీళ్లు పోయించుకోవాలి, బాలింత కూతురు ఉబాకి నలభయ్యో రోజు స్నానం చేయించాలి. సాయంత్రం ఉబా చంటిబిడ్డతో గడప దాటుతుంది, అరవైమంది ఆడవాళ్లు వస్తారు. బుల్హాన్ గాడిద బండి మాత్రం మూడు రోజులుగా వీధి మలుపు దాకా వచ్చి వెనక్కి పోతోంది.

దీఖా ముప్పయ్యేళ్లుగా పద్యాలు చెబుతున్న మనిషి. హర్గేసా ఊళ్లో ఆమె గొంతు లేని ఫోను లేదు. అందుకే లహోహ్ అట్లు పోస్తూనే నాలుగు పాదాలు కట్టి, బుల్హాన్ ఫోనుకి పంపింది. అన్నీ 'గ'తో నడిచాయి. "గాడిదకు గుర్తుంది మా గుమ్మం, గాలికి తిరిగే నీకే గుర్తు లేదు" అని మొదలు.

"నీళ్లు తీసుకురా అంటే సరిపోయేది కదమ్మా" అంది ఉబా.

"మూడు రోజులు అదే అన్నాను. పద్యానికైనా కదులుతాడు."

కదిలాడు, కానీ అవతలి వైపుకి. తొమ్మిదింటికల్లా పద్యం ఫోను నుంచి ఫోనుకి పాకి టీ కొట్లన్నీ చుట్టేసింది. పద్యంలో మాట పడ్డవాడు పద్యంలోనే, అదే అక్షరంతో బదులు చెప్పాలి. చెప్పేదాకా ఆ వీధిలో తలెత్తుకు తిరగలేడు. జన్మలో ఒక్క పాదం కట్టని బుల్హాన్ కవుల ఇళ్ల చుట్టూ తిరిగాడు. దీఖా పేరు వినగానే ఒకరికి జలుబు చేసింది, ఇంకొకరికి ప్రయాణం తగిలింది. తోటి బండ్లవాళ్లు పరువు అందరిదీ అని బండ్లు ఆపేసి, చెట్టు నీడన కూర్చుని 'గ'తో మాటలు వెతకసాగారు. ఊళ్లో నీళ్లు తిరగడం ఆగిపోయింది.

జవాబు ముందుగా వినాలని అభిమానులు దీఖా వాకిట్లో చేరారు. భర్త ఖైరే మురిసిపోతూ పొయ్యి మీద పెద్ద గిన్నె ఎక్కించాడు.

"ఏమండీ, అవి ఉబా స్నానానికి దాచిన కాసిని నీళ్లు."

"నీ అభిమానులే. టీ ఇవ్వకుండా ఎలా?"

"నీ పద్యం వింటే దాహం వేస్తుందమ్మా" అంటూ ఒక ముసలాయన మూడో గ్లాసు అందుకున్నాడు.

మూడు గంటలకు పెరటి తలుపు చప్పుడైంది. బుల్హాన్.

"బండి నిండా నీళ్లున్నాయక్కా. వీధిలోకి మాత్రం రాలేను."

"అన్నదీ నేనే, రమ్మంటున్నదీ నేనే. ఇంకేంటి?"

"జవాబు లేకుండా వస్తే మావాళ్లు బతకనివ్వరు. మా ఆవిడ అన్నం పెట్టనంది. మీకు ఎదురు చెప్పగలిగేవాళ్లు ఊళ్లో ఒక్కరే ఉన్నారట."

"ఎవరు?"

"మీరే."

దీఖా పెరట్లోకొచ్చి తలుపు దగ్గరికేసింది. "అసలు మూడు రోజులు ఎందుకు రాలేదు?"

"మలుపులో గుంత. చక్రం దిగబడితే గాడిద కాలు విరుగుతుంది."

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. గోడకు ఆనుకుని పద్యం కట్టింది. 'గుమ్మం ముందు గుంత కనపడని గొప్ప గొంతు నీది' అనే పాదం దగ్గర తనకే కాస్త మంట పుట్టింది. అతని చేత పన్నెండుసార్లు వల్లె వేయించింది.

"గుంత దగ్గర కోపం రావాలి."

"మీ మీద నాకు కోపం లేదక్కా."

"తెచ్చుకో. స్నానానికి వేళవుతోంది."

బుల్హాన్ బండెక్కి నిలబడి మలుపులో పద్యం చదివాడు. ఆడవాళ్లు సంతోషంతో నాలుక ఆడిస్తూ కూతలు పెట్టారు. అభిమానులే రాళ్లు మోసి గుంత పూడ్చారు. బండి లోపలికొచ్చింది. రెండు పీపాలూ నిండాయి. సాయంత్రం ఉబా తడి జుట్టుకు సాంబ్రాణి పొగ పట్టించుకుని, బిడ్డతో నవ్వుతూ గడప దాటింది.

వెళ్తూ వెళ్తూ ముసలాయన దీఖా దగ్గర ఆగాడు. "బాధపడకమ్మా. ముప్పయ్యేళ్లు నిలబడ్డావు. ఎప్పుడో ఒకప్పుడు మనకంటే బాగా చెప్పేవాడు వస్తాడు."

"నిజమే బాబాయ్" అంది దీఖా.

ఆ నెలలో బుల్హాన్‌కి మూడు పెళ్లిళ్లలో పద్యం చెప్పమని పిలుపులొచ్చాయి, దీఖా ఇంట్లో నీళ్లకు మళ్లీ లోటు రాలేదు.