గోడ ఇవతలి ప్రత్యక్ష సాక్షులు

ఫుట్‌బాల్ గ్రౌండు కమిటీ అధ్యక్షుడూ, కార్యదర్శీ, మీ ఇద్దరి వెనక తలకాయలూపే తొమ్మిదిమంది సభ్యులూ, మిమ్మల్నే అంటున్నాను. రొట్టెల దుకాణంలో పిండి పిసికే పంతొమ్మిదేళ్ళ పిల్ల రెండు చేతులతో ఆపిన బంతిని మీరు గోలు అన్నారు. అని ఊరుకోలేదు, కాగితం మీద రాసి ముద్ర కొట్టారు. ఆ పిల్ల మా అక్క కూతురు. కాబట్టి ఇందులో నాకు పక్షపాతం ఉంది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, మీకు కనిపెట్టే శ్రమ లేకుండా.

సంగతి తెలియనివాళ్ళ కోసం మొదట్నుంచీ చెప్తాను. నేను సైకిళ్ళు బాగుచేసేవాణ్ణి. వాక్యం వంకర పోతే సర్దుకోండి, విషయం మాత్రం వంకర పోదు.

మా గ్రౌండు చిన్నది. వెనక లాండ్రీ, పక్కన బస్సుల షెడ్డు. ప్రేక్షకులకి ఒకవైపే చోటు, అయిదు సిమెంటు మెట్లు. మిగతా మూడువైపులా ఆటగాళ్ళకి తప్ప ప్రవేశం లేదు. పదకొండేళ్ళ కిందటిదాకా జనం ఆ మెట్ల మీద కూర్చుని ఆట చూసేవాళ్ళు. అది వెనకబడిన పద్ధతి అని తరవాత తేలింది. ఎలాగంటే, ఒకరోజు బంతి ఎగిరొచ్చి అధ్యక్షుడుగారి టీ గ్లాసుకి తగిలింది. చొక్కా పాడైంది. ఆ వారమే ప్రేక్షకుల భద్రత నిమిత్తం మెట్లకీ మైదానానికీ మధ్య గోడ కట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. అధ్యక్షుడుగారికి సిమెంటు దుకాణం ఉండటం మా అదృష్టం. లేకపోతే సిమెంటు కోసం ఎక్కడెక్కడ తిరగవలసి వచ్చేదో.

మొదటి గోడ ఎనిమిది అడుగులు. కింది నాలుగు మెట్లవాళ్ళకి ఆట కనబడేది కాదు, అయిదో మెట్టువాళ్ళకి కనబడేది. ఇది ఘోరమైన అసమానత. అందరికీ ఒకే న్యాయం జరగాలని వందమంది సంతకాలతో అర్జీ వెళ్ళింది. కమిటీ దాన్ని సానుభూతితో పరిశీలించి గోడని ఇంకో నాలుగు అడుగులు లేపింది. ఇప్పుడు ఎవరికీ కనబడదు. ఆ అర్జీ రాసింది నేనే. సమానత్వం అడిగాను, ఇచ్చారు.

ఇంతకీ కమిటీవారు ప్రేక్షకుల్ని గాలికి వదిలేశారని ఎవరూ అపోహ పడకూడదు. అందరి తరఫునా ఆట చూడటానికి ఒక చూపు ప్రతినిధిని నియమించారు. గోడ ఎడమ చివర ఇనపనిచ్చెన, దాని మీద ఒక బల్ల, బల్ల మీద కుర్చీ, కుర్చీలో ఆయన. రిటైరైన బస్సు కండక్టరు. గొంతు మాత్రం రిటైర్ కాలేదు, అందుకే అందరూ ఆయన్ని కంఠం అంటారు. మనిషి మంచివాడు. మొదట్లో చూసింది చూసినట్టు మైకులో చెప్పేవాడు. "బంతి ఇటు పోయింది. బంతి అటు పోయింది." జనానికి విసుగు పుట్టింది. రసం లేదని ఫిర్యాదులు వెళ్ళాయి. అప్పట్నుంచి కంఠం రసం కలిపాడు. ఏ ఆటగత్తె కళ్ళు ఎర్రబడ్డాయో, ఎవరి గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో కూడా చెప్పడం మొదలుపెట్టాడు. మెట్ల మీద జనం రెట్టింపయ్యారు. కొందరు కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

గోడ చూడటంలో మావాళ్ళు సాధించిన ప్రావీణ్యం అంతా ఇంతా కాదు. నా పక్కన ఎప్పుడూ ఒక దర్జీ కూర్చుంటాడు, ఆయన వెనక పైమెట్టు మీద ఒక పళ్ళ డాక్టరు. ఒకసారి వాళ్ళిద్దరూ ఆఫ్‌సైడ్ గురించి కొట్టుకునేదాకా వచ్చారు.

"అది ఆఫ్‌సైడ్ కాదండీ. నేను చూశాగా," అన్నాడు దర్జీ.

"మీరు గోడ చూశారు."

"మీరేం చూశారు మరి?"

"నేనూ గోడే. కానీ నేను పైమెట్టు మీంచి చూశాను."



కిందటి వానలకి గోడలో ఒక ఇటుక ఊడింది. ఇద్దరు వెళ్ళి తొంగిచూశారు. కాసేపటికి తిరిగొచ్చి, మైకులో వచ్చేంత బాగా లేదని చెప్పారు. మూడోవాడు ఆ కంతలో పాత న్యూస్‌పేపరు కుక్కి, దుమ్ము దులుపుకుని వచ్చి కూర్చున్నాడు. అతని పౌరబాధ్యతని కార్యదర్శిగారు మైకులో మెచ్చుకున్నారు.

ముఖ్య అతిథులకి వేరే ఏర్పాటు ఉంది. వాళ్ళకి సోఫా వేస్తారు. సోఫా ఎదురుగా ఉన్నంత మేర గోడకి రంగు కూడా వేయించారు.

ఇక మొన్నటి మ్యాచ్. లాండ్రీ వీధి అమ్మాయిల జట్టుకీ బస్సుల షెడ్డు అమ్మాయిల జట్టుకీ. మా మేనకోడలు లాండ్రీ వీధికి గోల్‌కీపరు. ఆ పొద్దున నా కొట్టుకి వచ్చింది, చేతులకి ఇంకా పిండి అంటుకునే ఉంది.

"మామయ్యా, ఇవాళ ఓడకుండా ఉంటే చాలు, పాయింట్ల మీద మేమే గెలిచినట్టు. గెలిచిన జట్టు గోల్‌కీపర్ని శిక్షణ శిబిరంవాళ్ళు తీసుకుంటారట. మూడేళ్ళు. ఒక్కళ్ళనే."

"మీ అమ్మ ఒప్పుకుంటుందా?"

"మూడేళ్ళపాటు నేను తెల్లారుజామున లేచి పొయ్యి ముందు నిలబడక్కర్లేదంటే అమ్మే సంచి సర్దేస్తుంది. నువ్వు రావాలి. నువ్వొస్తే నాకు ధైర్యం."

"వస్తానే. అరిచి అరిచి గోడ పగలగొడతాను," అన్నాను. గొప్పలకి నేనెప్పుడూ వెనకాడలేదు.

కొట్టు మూసి వెళ్ళాను. మెట్లు నిండిపోయాయి. శిబిరంనుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు సోఫాలో కూర్చుని రంగు గోడని శ్రద్ధగా గమనిస్తున్నారు. అధ్యక్షుడుగారు అరగంట మాట్లాడారు. "దేశంలో ఎన్నో గ్రౌండ్లున్నాయి. అక్కడ ప్రేక్షకుడు ఎండలో కళ్ళు చిట్లించుకుని తన పాట్లు తాను పడాలి. ఇక్కడ ఆ కష్టాన్ని కమిటీ తన భుజాన వేసుకుంది," అన్నారు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. పక్కవాళ్ళు కొడుతుంటే చేతులు ఊరుకోవు.

ఆట మొదలైంది. అంటే, మొదలైందని కంఠం చెప్పాడు. చివరిదాకా అటూ గోల్ లేదు, ఇటూ లేదు. ఇంకో నిమిషం ఉందనగా షెడ్డు జట్టుకి పెనాల్టీ వచ్చింది. మూడువందల పన్నెండుమందిమి, అతిథులతో కలిపి, గోడ కేసి కన్నార్పకుండా చూస్తున్నాం. విజిలు వినబడింది. బంతిని తన్నిన చప్పుడు వినబడింది. తరవాత కేకలు. కంఠం రెండు క్షణాలు ఆగి, "గోల్" అన్నాడు. ఆగలేదు. "పాపం, గోల్‌కీపర్ చేతులు రెండూ కిందికి దించేసి శిలలా నిలబడిపోయింది. బంతి ఆ పిల్ల కాళ్ళ మధ్యనుంచి దొర్లుకుంటూ పోయింది," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడ్డాను. "చేతులకి నూనె రాసుకొచ్చావటే. పిండి పిసకడానికే పనికొస్తావు, పో," అని గొంతు చించుకుని అరిచాను. నా వెనక మూడు మెట్లు అదే మాట అందుకున్నాయి. గోడ చూపుని ఆపుతుంది గానీ మాటని ఆపదు.

బయటికి పోయే గేటు దగ్గర ఒక పుస్తకం ఉంటుంది. ప్రత్యక్ష సాక్షుల పుస్తకం. "పై విధముగా జరిగిన ఆటను స్వయముగా కళ్ళారా చూసితిమి" అని అచ్చేసి ఉంటుంది, దాని కింద సంతకం పెడితేనే గేటు తీస్తారు. పదకొండేళ్ళుగా పెడుతున్నాం. చదివి పెట్టినవాణ్ణి నేను చూడలేదు. ఆరోజు నా సంతకం నాలుగోది.

మా మేనకోడలు నా కొట్టుకి వచ్చేసరికి ఒళ్ళంతా బురద. కుడి అరచెయ్యి వాచి ఎర్రగా ఉంది. నేను ఏదో అనబోయాను. తనే అంది.

"మామయ్యా, ఆ అరిచింది నువ్వే కదూ?"

"గోల్ ఇచ్చేస్తే అరవరూ?"

"ఎవరిచ్చారు?" అని చెయ్యి నా మొహం ముందు పెట్టింది. "ఇది దేనికి వాచిందనుకున్నావు? ఆపాను. రిఫరీ పుస్తకంలో సున్నా రాశాడు. మావాళ్ళందరూ నన్ను పట్టుకుని ఎత్తేశారు. ఎత్తినప్పుడే నీ గొంతు వినబడింది. పక్కనున్న పిల్ల ఎవరే అది అంటే, తెలీదన్నాను."

ఆ చివరి మాట దగ్గర నాకు కూర్చోవాలనిపించింది. కూర్చున్నాను.

వెళ్ళి కంఠాన్ని నిలదీశాను. ఇంట్లో గొంతుకి వేడినీళ్ళు పుక్కిలిస్తున్నాడు.

"తమ్ముడూ, దాచడమెందుకు, ఆ కుడివైపు గోల్ నాకెప్పుడూ కనబడదు," అన్నాడు. "గోడకి అవతల నీళ్ళ ట్యాంకు అడ్డం."

"ఎన్నాళ్ళనుంచి?"

"మొదటి రోజునుంచీ."

"మరి గోల్ అని ఎలా చెప్పావు?"

"ట్యాంకు వెనకనుంచి పిల్లలు గంతులేస్తూ, ఒకదాన్ని భుజాన ఎత్తుకుని వచ్చారు. సంతోషం కనబడితే గోల్ అని చెప్పమని కమిటీ నిబంధన. రెండు జట్ల బనీన్లూ ఒకే లాండ్రీలో ఉతికి ఉతికి ఒకే గులాబీరంగుకి వచ్చాయి. ఎవరి సంతోషమో నేనెలా పోల్చను?"

"ట్యాంకు అడ్డమని పదకొండేళ్ళలో ఒక్కసారి చెప్పలేకపోయావా?"

"ఎవరడిగారు తమ్ముడూ. చప్పట్లు కొట్టేవాళ్ళు."

అక్కణ్ణుంచి కార్యదర్శి దగ్గరికి. ఆయన గదిలో నాలుగు బీరువాలున్నాయి, బంతి ఒక్కటీ లేదు. రిఫరీ సున్నా రాశాడు కదా అన్నాను. ఆయన జాలిగా చూశారు.

"రిఫరీ ఒక్కడు. ఇవతల సాక్షులు మూడువందల పన్నెండుమంది. పైగా రిఫరీగారు అయిదడుగుల దూరంనుంచి చూశారు. అంత దగ్గర్నుంచి చూస్తే ఎవరికైనా పక్షపాతం వస్తుంది."

"పెనాల్టీ తన్నిన పిల్లే గోల్ పడలేదని చెప్తోంది."

"చిన్నపిల్ల. అంత ఆనందంలో గమనించుకుని ఉండదు." పుస్తకం తెరిచి నాలుగో గీత మీద వేలు పెట్టారు. "ఇది తమ సంతకమే కదండీ? తమరే స్వయంగా కళ్ళారా చూశారు. సొంత మేనమామ సాక్ష్యం చెప్పాక ఇంక మేం చేసేదేముంది. శిబిరానికి షెడ్డు జట్టు గోల్‌కీపరు పేరు రాసేశాం. కాగితం సోమవారం పోతుంది."

నాలుగు రోజులుగా ఇంటింటికీ తిరుగుతున్నాను. ఎవరి సంతకం వాళ్ళు కొట్టేస్తే ఆ కాగితం చెల్లదు, అంతే కదా పని. దర్జీని అడిగాను. కుట్టుమిషను ఆపి నాకేసి చూశాడు.

"ఆ గోల్ నేను చూశానయ్యా. ఆ పిల్ల చేతులు దించుకుని నిలబడటం ఇంకా కళ్ళకి కట్టినట్టుంది."

"నువ్వు చూసింది గోడ."

"గోడే అని ఒప్పుకుంటే, పదకొండేళ్ళుగా వారం వారం అక్కడ కూర్చుని నేను చేసిందేమిటి? ఇంట్లో పిల్లలకి ఏం చెప్పమంటావు? నువ్వు సైకిళ్ళు చూసుకో."

పళ్ళ డాక్టరు మాత్రం మర్యాదగా మాట్లాడారు. అన్యాయమే అన్నారు. ఆదివారం సంతకం కొట్టేయడానికీ, గోడ పడగొట్టడానికీ వస్తానన్నారు. గుమ్మందాకా సాగనంపి, ఒక్క సందేహం అన్నారు. "వస్తాం సరేనండీ. గోడ పడిందో లేదో మాకు పైనుంచి ఎవరు చెప్తారు?"

ఇలాంటివాళ్ళు మూడువందలమంది ఉండగా కమిటీవాళ్ళు పదకొండుమంది సరిపోయారు. మిగతా పని మేమే చేసిపెట్టాం. అందుకని మొదట కమిటీని తిట్టినా, ఇప్పుడు అడిగేది మిమ్మల్నే. ఈ కాగితం చదువుతూ, ఇతగాడు భలే రాశాడే అనుకుంటున్నారే, మిమ్మల్ని.

అధ్యక్షుడుగారు ఆ గోడ పడగొట్టాలి. నిబంధనల పుస్తకంలో సంతోషానికీ గోలుకీ ఉన్న ముడి తెంచాలి. రిఫరీ రాసిన సున్నాని సున్నాగా ఒప్పుకుని, శిబిరానికి పోయే కాగితంలో మా మేనకోడలి పేరు రాయాలి. ఇవి అడిగితే జరగవని నాకు తెలుసు. అడగడంలో నా అనుభవం గోడకి నాలుగు అడుగులు కలిపింది. కాబట్టి ఈసారి అర్జీ లేదు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి కార్యదర్శి గది తెరుస్తారు. నేను వెళ్ళి నాలుగో గీత మీద అడ్డంగా గీకి, పక్కన "చూడలేదు" అని రాస్తాను. మీరూ రండి. వచ్చి మీ గీత మీరు కొట్టేయండి, చూడలేదని మీ చేత్తో మీరు రాయండి. రాశాక గోడ దగ్గరికి పోదాం. గడ్డపలుగులు మూడు తెస్తున్నాను, ఇంట్లో సుత్తి ఉన్నవాళ్ళు పట్టుకురండి. కంఠం ఆరోజు పైకెక్కడు, మాటిచ్చాడు.

మా మేనకోడలు రానంది. చెయ్యి ఇంకా వాపు తగ్గలేదు, అయినా పిండి కలపాలిట. రానక్కర్లేదు. ఆ పిల్ల చెయ్యవలసింది ఆ పిల్ల చేసేసింది.

మీరు రండి.