హేజెల్ ఫోర్క్‌కు ఒక ప్రతిపక్షం కావలెను

మా హేజెల్ ఫోర్క్ చరిత్రలో చిరస్థాయిగా నిలిచే ఆ ప్రకటనను ఏనుగు పార్టీ స్థానిక అధ్యక్షులు వెర్లిన్ డెట్మర్ గారు ధాన్యం గోదాము పక్క హోటల్లో, కాఫీ కప్పు చేత పట్టుకుని చేశారు.

"ఈసారి మన ఊళ్ళో నూటికి నూరు శాతం పోలింగ్! అందులో నూటికి నూరు మనకే! నెబ్రాస్కా మొత్తం మనవైపు తిరిగి చూడాలి!"

చప్పట్లు కొట్టాం. నూటికి నూరు అంటే ఎదుటివాళ్ళ గాడిద గుర్తు పార్టీకి సున్నా. మా ఊళ్ళో ఆ పార్టీకి ఎప్పుడూ పడేది ఒకే ఓటు. అది రిటైరైన టీచర్ ఆర్డిత్ లండీన్ గారిదని పసిపిల్లలకు కూడా తెలుసు. ప్రతి ఎన్నికకూ ఆవిడ ఇంటిముందు గాడిద బోర్డు పాతుతారు. నాలుగు రోజులకల్లా అది మాయమవుతుంది. గాలికి పోయి ఉంటుందని వెర్లిన్ గారు విచారం వ్యక్తం చేస్తారు. పార్టీ కోసం ఆయన ఎంత శ్రమపడతారో మాకు తెలుసు.

ఆ వారమే కౌంటీ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. పోలింగ్ బల్ల దగ్గర రెండు పార్టీలవాళ్ళూ కూర్చోవాలి. గాడిద వైపు ఇన్నేళ్ళూ కూర్చున్న ఆర్డిత్ గారు ఇక కూర్చోనన్నారట. ఆ వైపు మనిషి లేకపోతే మా ఫైర్ స్టేషన్లో పోలింగ్ ఉండదు. నలభై మైళ్ళు ఆల్డెన్‌కు పోయి వెయ్యాలి. మొక్కజొన్న కోతలు వదిలి అంతదూరం పోయి ఓటేసేవాడు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు. పోస్టు ఓటును నమ్మరాదని వెర్లిన్ గారే మాకు నేర్పారు.

ఆయన నన్ను వెంటబెట్టుకుని ఆవిడ ఇంటికెళ్ళారు. టోపీ తీసి నిలబడ్డారు.

"టీచరమ్మా, మీరు లేకపోతే ప్రజాస్వామ్యం ఏమైపోవాలి?"

"హోంవర్కు చెయ్యనప్పుడు మూడో క్లాసులో కూడా ఇలాగే మాట్లాడేవాడివిరా వెర్లిన్. మన ఊరి గాలి అందరి బోర్డులూ వదిలేసి నాదొక్కటే పీకుతుందేంట్రా?"

"గాలి సంగతి నేను చూసుకుంటాగా!"

"అయితే నువ్వే పాతు. ఎన్నికయ్యేదాకా నువ్వే కాపలా కాయి. అప్పుడు కూర్చుంటా."

గాడిద బోర్డును ఏనుగు అధ్యక్షులు స్వహస్తాలతో పాతారు. ఎదురుగా పికప్ ట్రక్కు ఆపుకుని కాపలా కాశారు. మూడోనాడు పార్టీ ఉపాధ్యక్షుడు ఆర్లో అలవాటు కొద్దీ వచ్చి బోర్డు మీద చెయ్యేశాడు.

"ఏయ్, చెయ్యి తియ్యి!"

"అదేంటి, నువ్వేగా పంపించేది?"

"అది పోయిన ఎన్నికల మాట!"

పోలింగు ముందురోజు మంచువాన పడింది. గాలికి బోర్డు ఒరిగిపోతుంటే వెర్లిన్ గారు దాన్ని రెండు చేతులా పట్టుకుని తడుస్తూ నిలబడ్డారు. నిజం చెప్పొద్దూ, నాకు కళ్ళు చెమర్చాయి.

పోలింగు దివ్యంగా జరిగింది. ఆక్సిజన్ సిలిండరుతో సహా ఒక పెద్దాయన్ను మోసుకొచ్చి మరీ వేయించారు. మర్నాడు ఫైర్ స్టేషన్లో విజయోత్సవ విందు. చిల్లీ అనే మాంసం కూర, సినమన్ రోల్సు తింటుండగా ఫోనొచ్చింది. ఊరంతా ఓటేసింది. గాడిదకు ఒకటి, మిగతావన్నీ ఏనుగుకే.

"మీ ఒక్కటీ మీకొచ్చింది, సంతోషమేగా టీచరమ్మా?" అన్నారు వెర్లిన్ గారు పెద్ద మనసుతో.

ఆర్డిత్ గారు చెంచా కింద పెట్టారు. "నాది కాదురా. ఆ వానలో నిన్ను చూస్తే జాలేసింది. జన్మలో మొదటిసారి ఏనుగుకేశాను. పేరు కూడా మీ పార్టీలోనే రాయించుకుంటా."

చప్పట్లు మోగాయి. వెర్లిన్ గారు కూడా రెండు కొట్టి, మూడోదానికి ఆగిపోయారు.

"వద్దు టీచరమ్మా! మీరూ మారిపోతే ఆ వైపు ఎవరు కూర్చుంటారు?"

"ఆ ఓటు వేసినవాళ్ళున్నారుగా."

ఆయన కుర్చీ ఎక్కారు. "ఎవర్రా ఆ ద్రోహి?"

అందరూ చిల్లీ గిన్నెల్లోకి తలలు దించారు.

"ద్రోహి అనడం నాదే తప్పు. ఎవరండీ ఆ మహానుభావులు? కాస్త లేవండి! బోర్డు నేనే పాతుతా. తుపానొచ్చినా కాపలా కాస్తా. మీరు లేకపోతే మనకు పోలింగే ఉండదండీ బాబూ!"

"మన ఊళ్ళో అలాంటివాళ్ళు లేరు!" అని నేను అరిచాను. అందరూ అవునవునన్నారు.

తర్వాతి ఎన్నిక ఆల్డెన్‌లోనే జరిగింది. ఆ రోజు వెర్లిన్ గారి కోత మిషను చెడిపోయింది. మిగతావాళ్ళకు కోతలున్నాయి. కొత్తగా పార్టీలో చేరిన ఆర్డిత్ గారు కూడా పార్టీ పద్ధతి ప్రకారం ఇంట్లోనే ఉన్నారు.

నెబ్రాస్కా పత్రికలన్నీ మా ఊరివైపు తిరిగి చూశాయి. హేజెల్ ఫోర్క్ నుంచి పోలైంది ఒకే ఒక ఓటు. నూటికి నూరు శాతం గాడిదకే.

వెర్లిన్ గారు హోటల్లో ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగారు. నేను ఉన్నమాటే చెప్పాను. ఆ రోజు నేను ఆల్డెన్ వెళ్ళింది ట్రాక్టరు బెల్టు కొనడానికని.