రోమన్ కోట గుమ్మం దగ్గర నేపర్‌విల్ బృందం

నేపర్‌విల్ తెలుగు సంఘంవారి వేసవి విజ్ఞానయాత్ర ఈ ఏడు రోమన్ సరిహద్దు కోట శిథిలాల సందర్శనతో దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. రోమన్లు ఇల్లినాయ్ దాకా ఎప్పుడొచ్చారని కొందరికి సందేహం కలగవచ్చు. వాళ్ళు రాలేదు. వందేళ్ళ కిందట ఒక కోటీశ్వరుడు ఇంగ్లండులో కూలిపోయిన కోటను ఓడలో తెప్పించి, మొక్కజొన్న చేల మధ్య అచ్చం కూలినట్టే నిలబెట్టించాడు. గుమ్మానికి మాత్రం కొత్త తలుపులు పెట్టించాడు. రాళ్ళకు వీసా స్టాంపింగ్ అక్కర్లేదు గనుక పని చకచకా అయిపోయింది.

యాత్రికుల్లో లక్ష్మీపతి ఒకడు. పద్దెనిమిదేళ్ళుగా హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉంటూ గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నాడు. రెండేళ్ళప్పుడు వెంట తెచ్చుకున్న కూతురు అనికకు నవంబరులో ఇరవై ఒకటి నిండుతాయి. నిండితే తండ్రి కాగితాల్లోంచి ఆమె పేరు రాలిపోతుంది. అందుకే ఆ ఇంట్లో మూడేళ్ళుగా పుట్టినరోజు కేకు కొయ్యడం మానేశారు.

ఇనుప టోపీ పెట్టుకున్న ముసలి గైడు, ఒక రోమన్ సైనికుడికి పౌరసత్వం ఇస్తూ చెక్కిన కంచు రేకు ముందు ఆగి, విచారంగా గొంతు సవరించుకున్నాడు. పరాయి దేశాల నుంచి వచ్చిన సైనికులు ఇలాంటి కోటల్లో పాతికేళ్ళు చలికి వణుకుతూ కాపలా కాసేవారట. ఆ తర్వాతగానీ పౌరసత్వం ఇచ్చేవారు కాదట. ఇక్కడ సందర్శకులు నిట్టూర్చడం ఆనవాయితీ.

"పాతికేళ్ళకి గ్యారంటీగా ఇచ్చేవారా?" అని అడిగాడు లక్ష్మీపతి.

బడిలో లాటిన్ చదివిన అనిక రేకు మీదికి వంగింది. "యెస్ నాన్నా. కిడ్స్‌కి కూడా ఇచ్చారు. ఏజ్ లిమిట్ ఏం రాయలేదు ఇక్కడ."

లక్ష్మీపతికి కళ్ళు చెమర్చాయి. ఇంత దయగల సామ్రాజ్యాన్ని కూల్చినవాళ్ళు బాగుపడతారా అనుకున్నాడు. ఆ సైనికుడి లాయరు ఎవరో కూడా కనుక్కున్నాడు.

తర్వాత ఆట. సగంమందిని రోమన్లుగా లోపల, సగంమందిని అనాగరికులుగా బయట నిలబడమన్నాడు గైడు. ఎవరూ చెప్పకుండానే సిటిజన్లు లోపలికి వెళ్ళారు, గ్రీన్‌కార్డులవాళ్ళు గోడెక్కారు, హెచ్-1బీలు పిల్లలతో సహా బయట, గ్రీన్‌కార్డుకు ఎవరు ముందు అప్లై చేశారో ఆ ప్రయారిటీ డేట్ల వరుసలో నిలబడ్డారు. ఇంత క్రమశిక్షణ గల అనాగరికులను తన సర్వీసులో చూడలేదని గైడు మెచ్చుకున్నాడు.

మార్చిలోనే సిటిజన్‌గా ప్రమాణం చేసిన సంఘాధ్యక్షుడు జగన్మోహన్ ఒక రాయెక్కి ప్రసంగించాడు. "గోడంటే ఇట్లా ఉండాలండీ. మన పూర్వీకులైన రోమన్లకు ముందుచూపు ఉండేది. ఎవరుపడితే వాళ్ళు రావడం వల్లే ఈ కంట్రీ పాడైంది. లైన్‌లో రావాలి, లైన్‌లో."

బయటున్నవాళ్ళే ఎక్కువ చప్పట్లు కొట్టారు.

గైడు బూర ఊదుతూ తలుపులు తెరిపించాడు. బూర ఆగేలోపు లోపలికి వచ్చినవాళ్ళు వచ్చినట్టే. వరుస కాస్తా సంత అయింది. లక్ష్మీపతి మోచేతులతో దారి చేసుకుని గుమ్మం దాటాడు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి లోపలివాడయ్యాడు. ఒళ్ళు పులకరించింది. వెనక్కి తిరిగితే, తనకన్నా మూడు నెలల తర్వాతి డేటున్న రాజీవ్ పరిగెత్తుకొస్తున్నాడు.

"ఇట్లా అందరూ వచ్చేస్తే ఎట్లా అండీ," అంటూ లక్ష్మీపతి భుజం ఆనించి తలుపులు మూసి, గడియ వేశాడు. జగన్మోహన్ వచ్చి కరచాలనం చేశాడు.

అవతల ఎవరో మెల్లగా తలుపు తట్టారు.

"నాన్నా," అంది అనిక. "నేనింకా బయటే ఉన్నా."