మూగపిల్లకి పచ్చజెండా

మనసు చెదిరిన పిల్లల్ని చూసుకునే వర్కర్లకి కావలసిన సమాచారం అందేదాకా ఈ ప్రభుత్వం నిద్రపోదని బాలల సంక్షేమ మంత్రి వరహాలరావుగారు అరకులో ప్రకటించారు. ప్రకటించి, గెస్ట్ హౌస్‌కి వెళ్లి, భోంచేసి పడుకున్నారు. ఆయన పడుకున్నా ప్రభుత్వం మాత్రం మేలుకునే ఉంది. సాయంత్రానికల్లా జీవో వచ్చేసింది. మనోసమాచార కేంద్రం పెడతారట. అద్దాల బిల్డింగట. వర్కర్లకి ఏం తెలియదో అందులో తెలుసుకుంటారట.

సభలో వెనక కుర్చీల్లో కూర్చున్న కృపావతి చప్పట్లు కొట్టింది. మనస్ఫూర్తిగానే కొట్టింది. డుంబ్రిగుడ చుట్టుపక్కల కొండల్లో పిల్లల సంక్షేమం చూసే వర్కరు ఆమె. ఆమెకి కావలసిన సమాచారం పెద్దదేం కాదు. పిల్లల మనసు చూసే డాక్టరు ఎక్కడుంటాడు, ఏ రోజు చూస్తాడు. అంతే.

అది కనక అనే పిల్ల కోసం. కనక ఆశ్రమ పాఠశాలలో మూడో తరగతి. వానల్లో పొంగిన గెడ్డ దాటుతూ వాళ్లమ్మ కొట్టుకుపోతుంటే ఒడ్డు మీద నిలబడి చూసింది. అప్పటి నుంచి మాట లేదు. చెవులు బాగానే ఉన్నాయి. అన్నం గంట కొడితే అందరికంటే ముందు కంచం పట్టుకుని నిలబడుతుంది. అన్నం పెట్టించుకుని, శుభ్రంగా కలిపి, పక్కపిల్ల కంచంలో వేసేస్తుంది.

కృపావతి తనకి తెలిసినవన్నీ చేసింది. పక్కన కూర్చోబెట్టుకుంది. పాటలు పాడింది. చర్చిలో ప్రార్థన పెట్టించింది. కనక అమ్మమ్మ అచ్చియమ్మ కొండదేవతకి కోడిని కోసింది. ఇద్దరు దేవుళ్లూ విన్నారేమో గానీ కనక మాత్రం పలకలేదు. ఇలాంటి పిల్లల్ని చూసే డాక్టర్లు ప్రత్యేకంగా ఉంటారని ఎవరో అన్నారు. ఎక్కడుంటారంటే అన్నవాళ్లకీ తెలీదు.

అరకులో కేంద్రం లేచింది. దానికి డైరెక్టరుగారు వచ్చారు. కోటు, మెడలో కార్డు, చేతిలో గోడ మీద ఎర్రచుక్క పడే లైటు. డిప్యుటేషన్ మీద పైనుంచి వచ్చారని చెప్పుకున్నారు. నిజానికి కొండ కింద నుంచే వచ్చారు. అయినా ఆఫీసర్లు కింద నుంచి వచ్చినా పైనుంచి వచ్చారనే అనాలి. అక్కడ అది మర్యాద. ఏ ఊరు, ఇంతకుముందు ఏం చేసేవారు అని అడగడం మర్యాద కాదు. పేరు అసలే అడగరు. అందరికీ ఆయన డైరెక్టరుగారే.

మొదటి వర్క్‌షాపులో వర్కర్లందరికీ రంగు కాగితాలిచ్చి, "మీ సమాచార అవసరాలు రాయండి. భయపడకండి. మీకు తెలియకపోవడమే మాకు బలం," అన్నారు.

కృపావతి రాసి ఇచ్చింది. డైరెక్టరుగారు చదివారు.

"పిల్లల మనసు డాక్టరు ఎక్కడుంటారు? ఇది ప్రశ్నమ్మా. నేనడిగింది అవసరం."

"ఆ ప్రశ్నకి జవాబే సార్ నా అవసరం."

"అలా కలిపేస్తే స్టడీ పాడైపోతుంది." ఆయన కాసేపు ఆలోచించి తెర మీద టైపు చేశారు: 'నిపుణుల లభ్యతపై క్షేత్రస్థాయిలో అవగాహనా లోటు'. ఎర్రచుక్క దాని మీద గుండ్రంగా తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. అది తన ప్రశ్నేనని తెలియక కృపావతి కూడా కొట్టింది.

టీ దగ్గర మళ్లీ అడిగింది. "జవాబు సార్?"

"జవాబులు రెండో దశలోమ్మా. ఒకేసారి రెండూ ఇచ్చేస్తే రెండో దశకి ఏం మిగుల్తుంది?"

ఇంత ముందుచూపున్న మనిషిని కృపావతి అంతకుముందు చూడలేదు.

ఈలోగా ఆశ్రమ పాఠశాలకి ఇన్‌స్పెక్షన్ వచ్చింది. వచ్చిన ఆఫీసరు కనకని పేరడిగాడు. పలకలేదు. వార్డెన్ సత్యకుమారి వైపు తిరిగి, "మూగా?" అన్నాడు.

సత్యకుమారి చెడ్డమనిషి కాదు. అనుభవజ్ఞురాలు. కాదంటే, మరెందుకు మాట్లాడదని అడుగుతాడు. అవునంటే ఇంకేమీ అడగడు.

"అవునండి," అంది.

ఆఫీసరు కూడా మంచివాడే. అక్కడికక్కడే ఫోన్లు చేసి కనకకి మూగపిల్లల స్కూల్లో సీటు వేయించాడు. ఆ స్కూలు కొండలు దిగి, మైదానం దాటి, ఇంకో జిల్లా కూడా దాటాక ఉంది. కేంద్రం ప్రారంభోత్సవం రోజున మంత్రిగారే స్వయంగా పచ్చజెండా ఊపి పిల్లని పంపిస్తారని కార్యక్రమంలో కూడా వేసేశారు. ఆపాలంటే, పిల్ల మూగ కాదని డాక్టరు రాయాలి.

డుంబ్రిగుడ సంతలో అచ్చియమ్మ కొండచీపుళ్లు పేర్చుకుని కూర్చుంది. కృపావతిని చూడగానే బేరం వదిలేసింది.

"ఏటమ్మా కుర్పమ్మా, నా కనక గుంటకి నోరు నేదని రాసీసినారంట? ఎవులా రాసినోలు? ఆల కల్లెక్కడెట్టుకున్నారు?"

"ఆపుతాను అమ్మమ్మా. డాక్టరు ఒక్క ముక్క రాస్తే ఆగిపోద్ది."

"ఆ డాట్రు ఏ ఊరోడు?"

"అదే అడిగినాను."

"ఎవుల్ని?"

"సమాచార కేంద్రాన్ని."

"ఆలేటన్నారు?"

"మంచి ప్రశ్నన్నారు."

అచ్చియమ్మ చేతిలో చీపురు కట్టని నేలకేసి ఒక్కటి కొట్టింది. "మంచిదే. మరి బేగి ఎతుక్కో. నా కూతుర్ని గెడ్డట్టుకుపోనాది. దీన్ని జీపట్టుకుపోతే నానెవుల్ని సూసి బతకాల?"

బేరానికి వచ్చినావిడ విసుక్కుని, "చీపురెంతో చెప్పవా?" అంది.

"నీకమ్మను, పో," అంది అచ్చియమ్మ.

కేంద్రాన్ని తక్కువ అంచనా వేయకూడదు. ప్రారంభోత్సవానికి ముందు పెట్టిన ట్రయల్ రన్ మొదలైన రోజే కృపావతి ఫోనుకి జవాబు వచ్చింది: పిల్లల మానసిక వైద్య నిపుణులు, కొండ కింద పెద్దాసుపత్రి, మేడ మీద చివరి గది, బుధవారం ఉదయం. ఇంత సూటిగా, ఇంత స్పష్టంగా ప్రభుత్వం నుంచి ఏదీ ఆమెకి ఎన్నడూ రాలేదు. ఆఫీసులో అందరికీ చూపించింది. అనవసరంగా అనుమానపడ్డానే అని నొచ్చుకుంది కూడా.

బుధవారం తెల్లారకుండానే కనకని తీసుకుని బస్సెక్కింది. ఘాట్ రోడ్డు మలుపుల్లో కనక రెండుసార్లు వాంతి చేసుకుంది. వాంతులొచ్చాయి గానీ మాట రాలేదు. ఆసుపత్రి, మేడ, చివరి గది, అన్నీ చెప్పిన చోటే ఉన్నాయి. సమాచారంలో ఒక్క తప్పు లేదు. గదికి తాళం ఉంది.

వరండా తుడుస్తున్న ఆయమ్మ చీపురాపింది. "డాట్రుబాబు కోసవేటమ్మా? బాబుగోరు కొండమీదికెల్లిపోనారు. అరకులో ఏదో సమాసారం ఆపీసంట. అక్కడ పెద్దోరై కూకున్నారు. ఈ గదికి ఇంకెవుల్నీ ఎయ్యనేదు."

కృపావతి తలుపు మీద బోర్డు చూసింది. డాక్టర్ దేవీప్రసాద్, పిల్లల మానసిక నిపుణులు. పేరు పక్కన ఫోటో ఉంది. అందులో కోటు లేదు, మెడలో కార్డు లేదు. మొహం మాత్రం డైరెక్టరుగారిదే.

కనక తాళం పక్కనున్న కన్నంలో కన్ను పెట్టి లోపలికి చాలాసేపు చూసింది.

వచ్చిన బస్సే మళ్లీ ఎక్కి, కృపావతి నేరుగా కేంద్రానికి వచ్చింది. కనకని బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్లింది.

"సార్, మీరే డాక్టరట."

డైరెక్టరుగారు ఉలిక్కిపడలేదు. "ఎవరు చెప్పారమ్మా?"

"మీ కేంద్రమే సార్ అడ్రసిచ్చింది."

"చూశారా, ఎంత కచ్చితంగా పనిచేస్తోందో!" ఆయన మొహం విప్పారింది. "ఇది సక్సెస్ స్టోరీ కింద వేసుకోవచ్చు."

"పిల్ల బయటే ఉంది సార్. ఒక్కసారి చూడండి. మూగ కాదని ఒక్క ముక్క రాయండి. లేకపోతే పంపించేస్తారు."

ఆయన అద్దంలోంచి బెంచీ వైపు చూశారు. చూసి, చూపు తిప్పుకున్నారు. కాసేపు నిజంగానే బాధపడ్డారు. "ఇక్కడ నేను చూడకూడదమ్మా. ఇక్కడ నేను సమాచారం. డాక్టర్ని అక్కడ."

"అక్కడికి ఎప్పుడెళ్తారు సార్?"

"ఇక్కడి పనవ్వాలి కదా."

"ఇక్కడ పనేంటి సార్?"

"పిల్లల డాక్టర్లు దొరక్క మీలాంటివాళ్లు ఎంత ఇబ్బంది పడుతున్నారో అధ్యయనం. చాలా లోతైన సమస్యమ్మా. మీరనుకున్నంత తేలిగ్గా తేలదు."

ప్రారంభోత్సవం రానే వచ్చింది. చలిగా ఉన్నా ఎండ కాసింది. మంత్రిగారు ధింసాలో కూడా రెండడుగులు వేశారు. వరుసలో నడుములు చుట్టి పట్టుకుని ఆడే ఆట కాబట్టి, అడుగు తప్పినా పక్కవాళ్లే లాక్కుపోతారు. నాయకులకి ఆ ఆటంటే అందుకే ప్రాణం. ఆశ్రమ పాఠశాల పిల్లలు చేతుల్లో చిన్న జెండాలతో రెండు వరుసల్లో నిలబడ్డారు. సభలో గోల చేస్తే తాట తీస్తానని సత్యకుమారి పొద్దుటి నుంచీ చెప్పి ఉంచింది.

రిబ్బను కత్తిరించాక మంత్రిగారు మాట్లాడారు. "ఒక పిల్ల మాట్లాడలేకపోతే ఆ పిల్ల తరఫున ఈ వరహాలరావు మాట్లాడతాడు!" అని మొదలుపెట్టి, తన తరఫున చాలాసేపు మాట్లాడారు. తర్వాత జీపు దగ్గరికి వచ్చారు. జీపుకి బంతిపూల దండలు కట్టి ఉన్నాయి. డ్రైవరు మంగ్లు స్టీరింగు దగ్గర బుద్ధిగా కూర్చున్నాడు. మంత్రిగారు ఫోటో కోసం కనక చెయ్యి పట్టుకుని జీపు మెట్టు ఎక్కించబోయారు. ఫోటోవాళ్లు ఇంకోసారన్నారు. మంత్రిగారు ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు.

"సెయ్యి ఒదుల్రా," అంది కనక.

డప్పు ఆగిపోయింది.

"ఒదుల్రా! నాను ఎల్లను. మాయమ్మ గెడ్డలోనుంచి వొత్తే నాను నేకపోతే ఎలాగ?"

జనంలోంచి అచ్చియమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఇన్నారా! అందరూ ఇన్నారా! నా గుంట మాటాడినాది!" అని మంత్రిగారి చేతిలోంచే పిల్లని లాక్కుని, కూలబడి ఏడ్చింది.

మంత్రిగారు చేయి తుడుచుకుని పక్కకి తిరిగారు. "ఏమండీ డైరెక్టరుగారూ, ఈ పిల్ల మాట్లాడుతోందేంటి?"

"మాట్లాడినట్టు సమాచారం ఉంది సార్. నిర్ధారించాల్సింది డాక్టరు."

"డాక్టరేడి?"

"డిప్యుటేషన్ మీద వెళ్లారు సార్."

"ఎక్కడికి?"

"ఆ సమాచారం సేకరిస్తాం సార్."

కృపావతి ఉండబట్టలేక ముందుకొచ్చేసింది. "ఈయనే సార్ డాక్టరు! కింద ఆసుపత్రిలో ఈయన గదికే తాళం వేసుంది!"

మంత్రిగారు డైరెక్టరుగారిని కిందినుంచి పైదాకా చూశారు. చూసి రెండు చేతులూ చాచి కావిలించుకున్నారు. "అంత పెద్ద డాక్టరై ఉండి, ప్రాక్టీసు వదులుకుని, ఈ కొండల్లో మా కోసం సమాచారం పోగేస్తున్నారా! ఇలాంటి త్యాగమూర్తిని మేం వదులుకుంటామా?" శాలువా తెప్పించి కప్పారు. డిప్యుటేషన్ ఇంకో ఐదేళ్లు పొడిగిస్తున్నట్టు మైకులో చెప్పారు. డైరెక్టరుగారు కళ్లొత్తుకున్నారు. కృపావతి చేతులు అలవాటుగా పైకి లేచాయి. చప్పట్లు కొట్టకుండా ఆగిపోయాయి.

మంత్రిగారి చేతికి పచ్చజెండా అందించారు. అప్పుడు మంగ్లు జీపు దిగాడు. బెదురుబెదురుగా చేతిలో కాగితం చూపించాడు.

"బాబూ, నాకు మూగపిల్లని తీసుకెల్లమని రాసిచ్చినారు. ఈ గుంట సూత్తే మిమ్మల్నే తిడతాంది. అక్కడ దింపితే ఏరే పిల్లని తెచ్చినావని నా ఉజ్జోగం ఊడగొడతారు. నాను ఎక్కించుకోను బాబూ."

మంత్రిగారు ఒక్క క్షణం ఆలోచించారు. ఊపని జెండా చేతిలో ఉండటం ఆయన రాజకీయ జీవితంలో ఎన్నడూ లేదు. "డ్రైవరు న్యాయంగా మాట్లాడాడు," అన్నారు. "అతన్ని మాటపడనివ్వద్దు. కాగితంలో ఎలా ఉందో అలాంటి పిల్లనే ఇవ్వండి. బేగి కానివ్వండి, నాకు చింతపల్లిలో మీటింగుంది."

వార్డెన్ సత్యకుమారి, జెండాలు పట్టుకుని రెండు వరుసల్లో నిలబడ్డ పిల్లల వైపు తిరిగింది. ఈ చివర నుంచి ఆ చివరిదాకా నెమ్మదిగా చూసుకుంటూ పోయింది. కృపావతి కూడా అటే చూసింది.

ఒక్క పిల్ల కూడా నోరు మెదపడం లేదు.